ఇరవై మూడో నంబరు మందు

సాలెం భాయ్ నాలుగింటికి వస్తానన్నాడు. మొఘల్‌పురాలో నాలుగింటికి అంటే నాలుగు దాటాక ఎప్పుడైనా అని అర్థం. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కావచ్చు, చాయ్ తాగాక కావచ్చు, బార్కస్ నుంచి ఇక్కడిదాకా దారిలో కనబడ్డ ప్రతివాడి బీపీ చూశాక కావచ్చు. రవీందర్ గోడ గడియారం చూశాడు. నాలుగూ పది. ఈ ఇంటి గడియారాన్ని నమ్మడానికి లేదు కనుక చేతి గడియారం చూసుకున్నాడు. అదీ నాలుగూ పదే అంది. కాళ్ల దగ్గర స్టీలు ఫ్లాస్కు, ఫ్లాస్కులో ఐసు ముక్కలు, ఐసు మధ్య బొటనవేలంత గాజు సీసా, సీసా అడుగున చిటికెడు తెల్ల పొడి. నాలుగేళ్ల చాకిరీ అంతా ఆ చిటికెడే. దాన్ని సెలైన్‌లో కలిపి అక్క నరంలోకి ఎక్కించాలి, అంతే పని. ఆ అంతే పనికి, పీహెచ్‌డీ చేసిన తాను, ఎవడో కాంపౌండర్ కోసం, బర్రెల కొట్టం పక్కన మడత కుర్చీలో కూర్చుని పడిగాపులు కాయాలి. ఎలక తోకలో నరం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. మనిషి చెయ్యి పట్టుకుంటే, అందులోనూ ఆ చెయ్యి పట్టుకుంటే, తన సూది నిలవదు. అందుకని సాలెం భాయ్. గడ్డానికి మెహందీ, ఎక్కితే మూలిగే లూనా బండి, జిప్పు ఊడిన రెగ్జిన్ సంచీ, అడిగినా అడగకపోయినా నోట్లో ఒక సలహా. ఇలాంటి వాడి చేతిలో పెట్టాల్సి వచ్చింది తన మందుని.

ఎదురుగా నులక మంచం మీద అక్క ఎల్లమ్మ కూర్చుని ఉంది. మధ్యాహ్నం ఎలా కూర్చోబెట్టాడో అలాగే ఉంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి, కనిపించని బీడీ చుడుతున్నట్టు. మూడేళ్లుగా ఆ బీడీ తయారవలేదు. ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి చెయ్యి లేచేసరికి ఈగ తన పని చూసుకుని వెళ్లిపోతుంది. నవ్వినా ఏడ్చినా ముఖం ఒకటే. ఈ చేతులే కదా కోడి కూయకముందు ఆరు బర్రెల పాలు పిండి, డబ్బాలు సైకిలుకి కట్టి, తనను నిద్రలేపి, స్కూలు ఫీజు కట్టి, తల దువ్వి పంపింది. బర్రె అందరికీ చేపదు, వేళ్లను గుర్తుపడుతుంది. అక్క పొదుగు దగ్గర కూర్చుని రెండు చుక్కల నూనె రాసి నాలుగు వేళ్లు ఆనిస్తే చాలు, పాలు వాటంతటవే దిగేవి. ఇప్పుడు పక్క కొట్టం నుంచి అంజన్ వచ్చి పిండుతున్నాడు. పిండటమా అది, గంట కొట్టడమా? ముందు కాళ్లు కట్టి, తర్వాత తిట్టి, చివరికి సగం పొదుగు పాలు లోపలే వదిలేసి పోతాడు. అక్క మంచం మీద నుంచి చూస్తుంటుంది. అనాలనుకున్న మాట గొంతులోంచి బయటికొచ్చేసరికి అంజన్ గల్లీ మలుపు తిరిగి ఉంటాడు.

ఈ మందు ఇంతవరకూ ఏ మనిషి ఒంట్లోకీ పోలేదు. ఆ సంగతి రవీందర్‌కి తెలుసు, అక్కకి తెలియదు, సాలెం భాయ్‌కి విటమిన్ సూది అని చెప్పాడు. ఇది నల్లమందుకి దూరపు చుట్టం. చుట్టరికం మరీ దగ్గరైతే ఊపిరి ఆగినా ఆగొచ్చు. ఎలకలకు ఆగలేదు. ఎలకలకు ఆగకపోతే అక్కకు ఆగకూడదని రూలేమీ లేదు. అయితే ఏం చేయాలి? రూలు ప్రకారం పోతే ముందు ఎలకలు, తర్వాత కుక్కలు, తర్వాత కోతులు, తర్వాత కమిటీలు. కమిటీల్లో కూర్చునేవాళ్లకూ కోతులకూ తేడా పట్టుకునేసరికి పదేళ్లు. ఈ పదేళ్లూ అక్క ఆ మంచం మీద బీడీ చుట్టుకుంటూ కూర్చోవాలా? కూర్చోదు. నిన్న సాయంత్రం ఫ్రీజరు తెరిచి సీసాని ఫ్లాస్కులో ఐసు మధ్య దాచుకున్నాడు. స్కూటరు మీద నయాపూల్ దాటుతుంటే, కోర్టు ముందు నల్లకోట్ల గుంపులో ఇరుక్కుని అర్ధగంట ఆగితే, ఐసు కరిగిపోతుందేమోనన్న భయం తప్ప ఇంకో భయం కలగలేదు.

లాబ్‌లో వాళ్లకి నయాపూల్ అంటే వంతెన కాదు, సరిహద్దు. ఇటువైపు ముత్యాలు కొనుక్కోవడానికి వస్తారు, బిర్యానీకి వస్తారు, మళ్లీ చీకటి పడేలోగా పిల్లల్ని లెక్కబెట్టుకుని వెళ్లిపోతారు. “మీరు నిజంగా ఓల్డ్ సిటీలోనే ఉంటారా?” అని చేరిన కొత్తలో అడిగాడు డైరెక్టర్ ప్రకాశం గారు, పులి గుహలో ఉంటావా అన్నట్టు. ఉంటానండీ అన్నాడు రవీందర్. ఆ ‘అండీ’ కూడా అక్కడ నేర్చుకున్నదే. గుంటూరు యాస, గోదావరి యాస, ఏది మాట్లాడినా సైన్సు అవుతుంది, తాను ‘గిట్ల’ అంటే మాత్రం నవ్వుతారు. సరే, అలాగే కానీండి అని వాళ్ల మాటలు నేర్చుకుని, వాళ్లకంటే బాగా మాట్లాడి, వాళ్లకంటే బాగా పనిచేసి, మనసులో మాత్రం ఒక్కొక్కణ్ణీ కాలికింద తొక్కుకుంటూ వచ్చాడు. ప్రకాశం గారికి బీకరు పట్టుకోవడం మరిచిపోయి పదిహేనేళ్లు. అయినా పేపరు మీద మొదటి పేరు ఆయనదే. ఇరవై మూడో నంబరు పనిచేసిందని తెలిసిన రోజునే మందుకి వాళ్ల అమ్మ శారదాంబ గారి పేరు మీద ‘శారదిన్’ అని పేరు ఖాయం చేసేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అక్కడున్న పదిమందీ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టాడు.

పనిచేసింది మాత్రం నిజం. ఆ మందు ఒక పెప్టైడ్. పెప్టైడ్ అంటే ఏముంది, అయిదారు అమైనో ఆమ్లాల పూసల దండ. శరీరం తనకు తానే గుచ్చుకుంటుంది, అవసరం తీరగానే తెంపేసుకుంటుంది. బయటినుంచి మనం గుచ్చి పంపితే రక్తంలోకి అడుగుపెట్టిన రెండు నిమిషాల్లో తుంచి తినేస్తుంది, పెళ్లివారింట్లో పిలవని చుట్టాన్ని చూసినట్టు. ఎలాగో తప్పించుకుని మెదడు గుమ్మం దాకా వెళ్లినా అక్కడ పహరా. మెదడు చుట్టూ ఉన్న రక్తనాళాల గోడలు సందులేకుండా కుట్టేసి ఉంటాయి. మత్తు, సారా, చెత్త, ఏవైనా సరే కొవ్వులో కరిగేవైతే దర్జాగా లోపలికి పోతాయి గానీ, పనికొచ్చే పెప్టైడ్‌కి ప్రవేశం లేదు. ఎంత మూర్ఖత్వం! లోపల మనిషి బిగుసుకుపోతుంటే బయట దర్వాన్ చీటీ అడుగుతున్నాడు. ప్రపంచమంతా దండకి నూనె రాద్దామని చూసింది. రవీందర్ చక్కెర రాశాడు. ఒక పూసని తిరగేసి, రక్తం తుంచలేకుండా చేసి, చివరి పూసకి గ్లూకోజు ముక్క ఒకటి అతికించాడు. దాంతో దండ గోడకి అంటీ అంటనట్టు అంటుకుని, ఎగిరి, మళ్లీ అంటుకుని, చివరికి అవతలికి జారిపోయింది. ఎక్కడ అతికించాలో, ఎంత తీపి సరిపోతుందో తెలియడానికి ఇరవై రెండు దండలు మూసీలో పోసినట్టు పోయాయి. “చక్కెర కలిపితే మందవుతుందా రవీందర్ గారూ, పాయసం అవుతుంది గానీ,” అని మీటింగులో జోకు వేసింది ప్రకాశం గారే. ఇప్పుడు ఢిల్లీ వెళ్లి ‘మా చక్కెర సిద్ధాంతం’ అంటున్నదీ ఆయనే.

ఎలకల గదిలో తనకి తోడు హరిప్రియ గారు. నెమ్మదస్తురాలు, ప్రతి ఎలకకీ ముందు సారీ చెప్పి సూది గుచ్చే మనిషి. రవీందర్‌కి అదీ నచ్చేది కాదు, సారీ అర్థం కాని ప్రాణికి సారీ ఎందుకు? మొదట హాలోపెరిడాల్ ఎక్కించాలి. పిచ్చి తగ్గించే మందది, మెదడులో కదలికని నడిపించే రసాయనానికి తలుపు మూసేస్తుంది. అరగంటలో ఎలక కొయ్యబొమ్మ అయిపోతుంది. అప్పుడు దాని ముందు కాళ్లు రెండూ ఒక సన్నటి కడ్డీ మీద పెట్టి వదిలేయాలి. మామూలు ఎలక అయితే క్షణంలో దిగి పారిపోతుంది. బిగుసుకున్న ఎలక అలాగే నిలబడి ఉంటుంది, కాళ్లు కడ్డీ మీద, కళ్లు తెరిచి, ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. దిగాలని దానికి తెలుసు. దిగలేదు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ నిలబడటాన్ని కొలవడమే పరీక్ష. ఇరవై మూడో నంబరు ఇచ్చిన ఎలక ఇరవై రెండు సెకన్లలో కాలు దించింది. హరిప్రియ గారు స్టాప్‌వాచ్ పట్టుకుని ఏడ్చేసింది. రవీందర్‌కి ఏడుపు రాలేదు. ఆ దిగిన ఎలకని చూస్తూ, మంచం మీద అక్క కాలు దించడం చూశాడు. ఆ రోజు నుంచీ ఆలోచన ఒకటే, సీసా ఎప్పుడు, ఎలా.

డాక్టర్ల దగ్గరికి వెళ్లలేదా అంటే వెళ్లాడు. రెండేళ్ల కిందట, పేరున్న దవాఖానకే తీసుకెళ్లాడు. టోకెను నంబరు యాభై ఆరు, నాలుగు గంటలు బెంచీ, మూడు నిమిషాలు డాక్టరు. ఆ డాక్టరుగారు అక్క చెయ్యి పట్టుకుని రెండుసార్లు మడిచి చూసి, నడవమని చూసి, “ఎన్నాళ్ల నుంచి? ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అని అక్కనే అడిగాడు. అక్క నోరు తెరిచింది. ఆమె నోట్లోంచి మాట రావడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకేం తెలుసు, వెనక ఇంకో ముప్పైమంది ఉన్నారు. రవీందరే ఇంగ్లీషులో అందుకుని, ఇన్నేళ్ల నుంచి, ఈ చెయ్యి ముందు, ఏ మందులూ లేవు, నేను ఇదే రంగంలో శాస్త్రవేత్తని అని గడగడా చెప్పేశాడు. శాస్త్రవేత్త అనగానే డాక్టరు కాస్త ముందుకు జరిగి, ఎదురు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ మర్యాద రవీందర్‌కి ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. పార్కిన్సన్ అని చీటీ రాసిచ్చాడు. ఆ గోలీలు ఆరునెలలు వాడారు. వాంతులు తప్ప ఒక్క వేలు కూడా కదల్లేదు. గోలీలు మార్చాడు, మోతాదు పెంచాడు, చివరికి ‘కొందరికి ఇంతేనండీ’ అన్నాడు. కొందరికి ఇంతే! దీనికోసం పన్నెండేళ్లు చదవాలా? మా అంజన్ కూడా చెబుతాడు, కొన్ని బర్రెలింతే అని. ఆ చీటీ చింపి మూసీలో పడేసి, ఇక వీళ్లతో కాదు, నేనే చేసుకుంటాను అనుకున్నాడు. అనుకున్నంతా చేశాడు కూడా. ఇంతమంది పనికిమాలినవాళ్ల మధ్య, ఒక్కడు.

లూనా మూలుగు వినబడేసరికి నాలుగూ నలభై. సాలెం భాయ్ బండిని గోడకి ఆనించి, సంచీ చంకలో పెట్టుకుని లోపలికొచ్చాడు.

“సలాం సాబ్. జెర లేటయింది, మాఫ్ చెయ్యుండ్రి. నయాపూల్ కాడ మస్తు జామున్నది.”

బార్కస్ నుంచి మొఘల్‌పురా వచ్చేవాడికి మధ్యలో నయాపూల్ ఎందుకొచ్చిందో అడగాలనిపించింది. అడిగితే దానికో కథ ఉంటుంది. రవీందర్ ఫ్లాస్కు మూత తీశాడు. సాలెం భాయ్ నల్లా దగ్గరికెళ్లి చేతులు సబ్బుతో కడుక్కున్నాడు, మళ్లీ ఒకసారి కడుక్కున్నాడు. తప్పు పట్టడానికి చూస్తున్న రవీందర్‌కి ఏమీ దొరకలేదు. మంచం అంచున కూర్చుని, “ఎల్లక్కా, ఖైరియత్?” అన్నాడు. అక్క ముఖం కదల్లేదు గానీ కళ్లు కదిలాయి. మోచేతి పైన రబ్బరు గొట్టం కట్టి, రెండు వేళ్లతో తట్టి, నరం పట్టుకున్నాడు. ఎంత తేలిగ్గా పట్టుకున్నాడో. సీసాలోకి సెలైన్ పోసి, పొడి కరిగేదాకా రవీందర్ తిప్పి ఇచ్చాడు. సూదిలోకి లాగి, గాలి పోగొట్టి, సాలెం భాయ్ ఆగాడు.

“అక్కా, ఇంకేం గోలీలు మింగుతున్నవ్?”

“ఏం లేవు. ఆ గోలీలు బంద్ జేసి ఏడాది దాటింది,” అన్నాడు రవీందర్.

“మీరు గాదు సాబ్. ఆమెను జెప్పనియ్యండ్రి. నాకు అడిగేది అలవాటు.”

ఏం అలవాటు, ఎవడు నేర్పిన అలవాటు? ఐసులోంచి తీసిన మందు చేతిలో పెట్టుకుని సంతలో బేరమాడుతున్నట్టు కూర్చున్నాడు. అక్క పెదవులు విడిపోయాయి. కొట్టంలో బర్రె ఒకటి తోక విసిరింది. గల్లీలో ఎవడో ఉల్లిగడ్డలు అరుచుకుంటూ వచ్చి, అరుచుకుంటూ వెళ్లిపోయాడు. సాలెం భాయ్ సూదిని పైకి పట్టుకుని అలాగే కూర్చున్నాడు, ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు.

“నిద్ర గోలీ,” అంది అక్క.

“ఏ నిద్ర గోలీ?” అన్నాడు రవీందర్.

అక్క చెయ్యి కొంగు వైపు నడిచింది. కొంగుముడి విప్పడానికి ఆ రెండు వేళ్లూ చాలా తంటాలు పడ్డాయి. రవీందర్ సాయం చేయబోతే సాలెం భాయ్ కళ్లతోనే ఆపాడు. ముడిలో మడిచిన కాగితం ముక్క, కాగితంలో కత్తెరతో కత్తిరించిన గోలీల పట్టీ, అందులో నాలుగు గోలీలు. గల్లీ చివర మందుల దుకాణంలో అందరికీ ఇలాగే ఇస్తారు. ఎవరి చేతైనా ఖాళీ పట్టీ ముక్క పంపిస్తే అలాంటివే ఇంకో నాలుగు కత్తిరిస్తారు, చీటీ లేదు, పేరు లేదు.

“మీ బావ పోయినప్పుడు… నిద్ర రాక… గోడకు ఒరిగి కూసుంటుంటి గదా. గల్లీ డాక్టర్ ఇచ్చిండు. గప్పటిసంది… రోజొకటి.”

బావ బాలనర్సింహ పోయి నాలుగేళ్లు. సాలెం భాయ్ పట్టీని వెనక్కి తిప్పి వెలుతురుకి పట్టుకున్నాడు. వెండి రేకు మీద ఇంగ్లీషు అక్షరాలు, మొదటి రెండూ కత్తెరకి పోయాయి, చివరివీ పోయాయి. మధ్యలో మిగిలినవి రవీందర్‌కి చాలు. హాలోపెరిడాల్. రోజూ ఆ పేరు తన చేత్తో ఎలకల గది సీసాల మీద రాస్తాడు.

“యా అల్లా. గిది పిచ్చాసుపత్రిల ఇచ్చే గోలీ సాబ్,” అన్నాడు సాలెం భాయ్. “ఆడ పన్నెండేండ్లు డ్రెస్సర్‌గ చేసిన. దీన్ని దినాం తిన్నోళ్లు గిట్లనే కట్టె లెక్క బిగుస్తరు, చేతులు వణుకుతయి. మేం దీంతోని ఇంకో గోలీ జత ఇస్తుంటిమి, గట్ల గావొద్దని. పెద్ద డాక్టర్‌ను అడిగి మెల్లగ బంద్ చేయిస్తే శానామంది మల్ల లేసి తిరిగిండ్రు. ఈమెకు విటమిన్ సూది దేనికి సాబ్, గోలీ బంద్ చేయిస్తే అయిపాయె.” సూదికి మూత పెట్టి, ట్రేలో పడుకోబెట్టి, రబ్బరు గొట్టం విప్పేశాడు.

ముందు కోపం దుకాణం వాడి మీదికి పోయింది. కత్తెర పట్టుకుని కూర్చున్న మంగలి. తర్వాత గల్లీ డాక్టరు మీదికి. నాలుగు రోజులకి ఇచ్చిన గోలీ నాలుగేళ్లు మింగుతారని తెలియదా వాడికి? తర్వాత, సిగ్గులేకుండా, అక్క మీదికి కూడా పోయింది. ఎక్కడికి పోయినా నిలవలేదు. దవాఖానలో మూడు నిమిషాల డాక్టరు అడగాల్సింది అడిగాడు. లూనా మీద వచ్చిన కాంపౌండర్ అడగాల్సింది అడిగాడు. ఈ నాలుగేళ్లలో, ఒకే కప్పు కింద ఉంటూ, కింద అక్క, మేడ మీద తాను, రోజూ ఆ చేతి అన్నం తిని, ఆ చెయ్యి వణకడం మొదలైతే చూసి, అడగనివాడు ఒక్కడే. పగలంతా అదే మందు ఎలకలకి ఎక్కించి, అవి కడ్డీ మీద ఎంతసేపు నిలబడతాయో కొలిచాడు. చీకటి పడ్డాక కింద అక్క కొంగుముడి విప్పి అదే మందు నీళ్లతో మింగింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ సూది ఎక్కించి ఉంటే అది పనిచేసేది. అక్క కూడా ఎలక లాగే కాలు దించేది. అప్పుడు తాను ఎంత విర్రవీగేవాడు! ఎంతమందిని చూసి ఎంతగా నవ్వేవాడు! మర్నాటికి అక్క మళ్లీ బిగుసుకునేది, తాను ఇంకో సీసా దొంగిలించేవాడు. పొదుగుకి పట్టిన పిడుదుని తీసేయకుండా బర్రెకి తవుడు మార్చే అంజన్‌కీ తనకీ ఏం తేడా ఉంది? ఉంది, అంజన్ శాస్త్రవేత్తనని చెప్పుకోడు.

సాలెం భాయ్ సంచీ సర్దుకుంటూ, పైసలు వద్దని, సూది ఏయలేదు గదా అని, వచ్చేవారం అక్కను చూడ్డానికి వస్తానని ఏదేదో చెప్పాడు. లూనా నాలుగు తన్నులకి గానీ అందుకోలేదు. అది వెళ్లిపోయాక రవీందర్ కుర్చీలోంచి లేచి మంచం ముందు నేల మీద కూర్చున్నాడు. కొట్టం నేల తడిగా ఉంది.

“అక్కా. దవాఖానల డాక్టర్ అడిగిండు గదా, ఏమన్న గోలీలు తింటున్నవా అని. ఏం లేవని నేనే జెప్పిన.”

“ఎరుకే. పక్కకే ఉంటి గదా.”

“నేను ఇంగ్లీష్‌ల జెప్పిన.”

“తలకాయ ఊపినవ్ గదా. లేవని… గంత దెల్వదా?”

“మరి నువ్వెందుకు జెప్పలే? ఆడ జెప్పకున్నా ఇంటికొచ్చినంక జెప్పొచ్చు గదా, నేను తింటున్న అని?”

ఈసారి రవీందర్ తొందరపెట్టలేదు. మాట బయటికి రావడానికి ఎంతసేపు కావాలో అంతసేపూ తీసుకుంది అక్క. ఆ కదలని ముఖం మీద కళ్లు మాత్రం చిన్నప్పుడు స్కూలుకి పంపేముందు చొక్కా సరిచేసి చూసే కళ్ల లాగే ఉన్నాయి.

“గాయన… నిన్ను కుర్సీల గూసోమన్నడు, తమ్మీ. నన్ను ఎన్నడెవ్వరు కూసోమనలే… నా తమ్ముణ్ణి కూసోమన్నడు. గంత చిన్న గోలీకి… గంత పెద్ద మనిషి ముంగట… నీ మాట తప్పని జెప్పాల్నా?”